గెలిచినవాని చేతి ఆయుధము

యుద్ధకథ వినువారికి సాధారణముగా గెలుపుతోనే తృప్తి కలుగును. శత్రువు కూలినాడు, కోట పట్టుబడినది, జెండా ఎగిరినది. అంతటితో కథకుడు లేచును, శ్రోతయు లేచును. కాని మన మహాభారతము అట్లు ముగియలేదు. దుర్యోధనుడు తొడలు విరిగి పడిన పిమ్మట కథ ఇంకను చాల దూరము నడచినది. ఆ రాత్రియే సౌప్తికము, ఆ వెనుక స్త్రీల రోదనము, అటుపై గెలిచిన ధర్మరాజు అంపశయ్యపైనున్న భీష్ముని చెంత కూర్చుండి, చేతికి వచ్చిన రాజ్యమును ఎట్లు నిలుపుకొనవలెనని అడుగుట. సంస్కృత భారతమున అన్నిటికంటె పెద్ద పర్వము యుద్ధపర్వము కాదు, శాంతిపర్వము. యుద్ధము 18 దినములలో తీరినది. యుద్ధము లేవదీసిన ప్రశ్నలు మాత్రము అంత త్వరగా తీరలేదు.

పశ్చిమ దేశములలో సుమారు 150 సంవత్సరములుగా ఒక జాతి కథలు వెలువడుచున్నవి. ఇంకను పుట్టని ఆయుధమును పుట్టినట్లు భావించి, ఇంకను రాని యుద్ధమును వచ్చినట్లు చెప్పు కథలవి. విజ్ఞాన కల్పనా సాహిత్యమున ఇది యొక శాఖ. ఫలానా రచయిత అణుబాంబును ముందే చెప్పెను, ఫలానా వాడు వాయుయుద్ధమును ముందే చూచెనని వీనిని గూర్చి పలువురు అబ్బురపడుదురు. జోస్యము ఫలించుట వింతయే. కాని అదియే ఈ రచనల ముఖ్యగుణమని మాకు తోచదు. చీకటిలో నూరు బాణములు వేసినవానికి ఒకటియైనను తగులకపోదు. వీనిలో మేలైనవి చేసిన పని వేరు. ఈ ఆయుధము ఒకని చేతికి వచ్చినచో ఎదిరివాడు ఏమి తలచును, అతడట్లు తలచునని తెలిసి ఇతడేమి చేయును, యుద్ధము ముగిసిన మరునాడు రాజ్యముల బలాబలములు ఏ తీరున నిలుచును అను లెక్కను అవి వేసినవి. మంత్రులును సేనానులును బల్లచుట్టు కూర్చుండుటకు ముందే ఈ లెక్కలలో కొన్ని కథలలో తేలినవి. వాని చరిత్రను క్రమముగా చూతము.

ఈ పరంపరకు మొదలు 1871. అంతకు కొలది మాసముల ముందే ప్రష్యా సేనలు ఫ్రాన్సును నేలగూల్చినవి. ఐరోపాలో అందరును గొప్పదనుకొన్న సైన్యము అంత త్వరగా చెదరిపోవుట చూచి ఇంగ్లండు ఉలికిపడినది. ఆ మే మాసమున 'బ్లాక్‌వుడ్స్' అను మాసపత్రికలో, రచయిత పేరు లేకుండ, 'డార్కింగ్ యుద్ధము' అను కథ వెలువడెను. వ్రాసినవాడు జార్జి చెస్నీ. బెంగాలు ఇంజనీర్ల దళమునకు చెందిన అధికారి. 1857లో ఢిల్లీ ముట్టడిలో గాయపడినవాడు. తరువాతి కాలమున గవర్నరు జనరలు సభలో సైనిక సభ్యుడైనవాడు. ఆంగ్ల సామ్రాజ్యమను పెద్ద మేడ ఎంత సన్నని స్తంభములపై నిలిచినదో అతడు ఈ దేశమున కన్నులార చూచియుండెను.

కథలో ఒక వృద్ధుడు తన మనుమలకు 50 ఏండ్ల నాటి ముచ్చట చెప్పును. నౌకాదళము దూరసముద్రములలో చెదరియున్నది. సైన్యము ఇండియా, కెనడా, ఐర్లండులలో ముక్కలు ముక్కలుగా నున్నది. ఇంటి దగ్గర మిగిలిన యోడలను శత్రువు కొత్త యంత్రములతో ముంచివేసెను. లండనుకు దక్షిణమున డార్కింగు కొండవరుస మీద స్వచ్ఛంద సైనికులు ధైర్యముగనే నిలిచిరి. కాని వారికి తిండి పంపువాడు లేడు, ఆజ్ఞ ఇచ్చువాడెవడో తెలియదు. రాజధానికి త్రోవ తెరవబడినది. ఇంతవరకు వ్రాయుట ఏ సైనికునికైనను సాధ్యమే. చెస్నీ తరువాతి పుటలలో చూపినది ముఖ్యము. ఓడిన ఇంగ్లండు వ్యాపారము పోయినది, వలసరాజ్యములు ఒక్కొక్కటే పరుల పాలైనవి, ఇండియా శాశ్వతముగ చేజారినది. ఓడల సంఖ్యయే బలము కాదు, అవసరమైన దినమున అవి ఎచట నున్నవనునదే బలము. ఒక్క పరాజయముతో భూగోళపు పటమంతయు మారిపోవును. ఇది ఆ కథ సారాంశము. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఆ సెప్టెంబరులో విట్‌బీలో మాటలాడుచు, ఇట్టి భయములు పెంచుకొనవలదని ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను. ఒక పత్రికా కథకు ప్రధానమంత్రి సమాధానము చెప్పుట నాటికి కొత్త.

చెస్నీ లెక్కలో గెలిచినవాడును ఓడినవాడును స్పష్టముగ నుండిరి. 1908లో హెచ్. జి. వెల్స్ 'ఆకాశయుద్ధము' అను నవలలో ఆ స్పష్టతయే పోవచ్చునని చూపెను. జర్మనీ వాయునౌకలు అట్లాంటిక్ సముద్రమును దాటి న్యూయార్కు మీదికి వచ్చును. నగరము లొంగిపోవును. కాని లొంగిన నగరమును ఏలువాడెవడు? వాయునౌకలో వీధివీధికి కాపలా నిలుపుటకు చాలినంత మంది లేరు. ప్రజలు తిరుగబడినప్పుడు పైనున్నవానికి తెలిసిన విద్య ఒక్కటే, మరల బాంబు వేయుట. పైనుండి నాశనము చేయవచ్చును, పట్టుకొనుటకు మాత్రము వీలులేదు. అన్ని రాజ్యములును ఇట్టి నౌకలనే రహస్యముగ కట్టుకొనియున్నవి కనుక ఎవరును గెలువరు, ఎవరును ఆగరు. బ్యాంకులు కూలును, కరవు వచ్చును, తెగులు వచ్చును. తుదకు నాగరకతయే అణగిపోవును. నాటికి రైటు సోదరులు ఎగిరి ఐదేండ్లు కూడ నిండలేదు.

వెల్స్ 1914లో ప్రకటించిన 'విముక్త ప్రపంచము' అను నవల ఇంకొక మెట్టు. ఫ్రెడరిక్ సాడీ అను రసాయన శాస్త్రజ్ఞుడు రేడియమును గూర్చి వ్రాసిన గ్రంథము చదివి, వెల్స్ ఇందు విమానములనుండి విడుచు అణుబాంబులను కల్పించెను. అవి ఒక్కమారు ప్రేలి ఊరకుండవు. ఏండ్ల తరబడి మండుచునే యుండును. మహానగరములు కాలిపోయిన పిమ్మట మిగిలిన ప్రభువులును నాయకులును ఇటలీ స్విట్జర్లండుల నడుమనున్న మజ్జోరీ సరస్సు తీరమున బ్రిస్సాగో అను చోట సమావేశమై, రాజ్యములను వదలి, ప్రపంచమున కంతకును ఒకే ప్రభుత్వమును స్థాపింతురు. కథ ఇచట మంగళము పాడియుండిన, మంచి మనసుగల రచయిత కన్న కల అని ఊరకుండెడివారము. కాని వెల్స్ ఒక బాల్కను రాజును కూడ సృష్టించెను. అతడు అందరితోపాటు తల యూపి, కొన్ని బాంబులను గుట్టుగ దాచుకొనును. సమావేశమైన వారినే కాల్చివేసి, ప్రపంచమునకు తానొక్కడే ప్రభువు కాజూచును. కుట్ర బయటపడి అతడు చచ్చును. అందరును ఆయుధము విడిచిన దినమున, ఒక్కటి దాచుకొన్నవాడే చక్రవర్తి. ఈ చిక్కును తీర్చనిదే ఏ సంధియు నిలువదని వెల్స్ గ్రహించెను.

ఈ నవల మరియొక విధముగ చరిత్రలో ప్రవేశించినది. హంగరీ దేశీయుడైన భౌతిక శాస్త్రజ్ఞుడు లియో జిలార్డ్ దీనిని 1932లో చదివెను. మరుసటి యేడు లండనులో నుండగా, ఒక పరమాణువు పగిలి మరికొన్నిటిని పగులగొట్టు శృంఖలా ప్రక్రియ సాధ్యము కావచ్చునని అతనికి తోచెను. 1934లో పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. అది పదిమందికి తెలిసిన ఏమగునో వెల్స్ పుస్తకము చదివినవానికి వేరుగ చెప్పనక్కరలేదు. 1936లో ఆ పేటెంటును రహస్యముగ నుంచుటకై బ్రిటిషు నౌకాదళ శాఖకు అప్పగించెను.

ఇక ఈ పరంపరలో మిక్కిలి నిశితమైన రచన అని మేము తలచునది 1941 మే మాసమున అమెరికాలో 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్' అను పత్రికలో వచ్చిన ఒక పెద్దకథ. దాని పేరే 'తృప్తినీయని పరిష్కారము'. రచయిత రాబర్ట్ హైన్‌లైన్. అచ్చయిన పేరు మాత్రము ఆన్సన్ మెక్‌డొనాల్డ్. ఇతడు అనాపొలిస్ నౌకాదళ విద్యాలయమున చదివి, క్షయవ్యాధి వలన 1934లో కొలువు విడిచినవాడు. కథ వెలువడునాటికి అమెరికా ఇంకను యుద్ధమున దిగలేదు.

కథలో బాంబు లేదు; రేడియోధార్మిక ధూళి కలదు. నగరము మీద చల్లిన చాలును, ఇండ్లు నిలిచియుండును, మనుష్యులు మిగులరు. అమెరికా దీనిని కనిపెట్టి బ్రిటనుకు ఇచ్చును, బ్రిటను బెర్లిను మీద చల్లును, యుద్ధము ముగియును. సామాన్య రచయిత ఇచట కలము దించెడివాడు. హైన్‌లైన్‌కు ఇచటనే కథ మొదలు. ఆ ధూళి వ్యవహారమును నడపు మానింగ్ అను సేనాధికారి వేయు లెక్క ఇట్టిది. ఈ ధూళికి విరుగుడు లేదు. దీని రహస్యము దాగదు. ఒక దేశపు శాస్త్రజ్ఞుడు కనుగొన్నదానిని మరియొక దేశపువాడు కనుగొనకపోడు. ఎవడు ముందు చల్లిన వాడిదే పైచేయి. కనుక ఇద్దరి దగ్గర ఉన్నప్పుడు, ఎదిరివాడు చల్లునేమో యను భయముననే ఒకడు ముందుగ చల్లును. అందరికిని ఇచ్చిన అందరును చత్తురు. అమెరికా యొక్కటే ఉంచుకొనిన ప్రపంచమున కంతకు అమెరికా యజమాని యగును. ఎన్నికలతో మారుచుండు ప్రభుత్వము చేతికి అట్టి యజమానత్వము వచ్చిన, నేటి మంచివాని తరువాత రేపు ఎవడు వచ్చునో!

అతడు ఊహించినట్లే జరుగును. యురేషియా కూటమి యని రచయిత పేర్కొన్న రాజ్యము కూడ ఆ ధూళిని తయారు చేసియుండును. నాలుగు దినముల యుద్ధమున అమెరికా నగరములును దెబ్బతిని, తుదకు అమెరికా గెలుచును. అప్పుడు ధూళి నంతటిని ఒక అంతర్జాతీయ శాంతి గస్తీదళము చేతికి ఇత్తురు. ఏ దేశపు వైమానికుడును తన దేశము మీద పహరా కాయరాదని నియమము పెట్టుదురు. నియమము మంచిదే. కాని కొత్త అధ్యక్షుడొకడు వచ్చి, ఆ దళమును అమెరికా చేతి కర్రగా వాడబూనును. దానిని ఆపుటకు మానింగ్ తానే ప్రపంచ నియంత యగును. ఆయన సజ్జనుడు, గుండెజబ్బు మనిషి. ఆయన పోయిన తరువాత ఎవరు? కథ చెప్పువాడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పడు. శత్రువును గెలుచు ఉపాయము దొరకినది, గెలిచినవానిని కాపాడు ఉపాయము దొరకలేదు. కథకు ఆ పేరు పెట్టుటలో రచయిత చూపిన నిజాయితీని మేము మెచ్చుకొందుము.

ఐదేండ్లు తిరుగకుండ ఆ లెక్క కథలోనుండి రాజ్యాంగ వ్యవహారములోనికి వచ్చినది. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి కాలిపోయినవి. 1946 జూన్ 14న అమెరికా ప్రతినిధి బెర్నార్డ్ బరూక్ ఐక్యరాజ్య సమితి అణుశక్తి సంఘము ముందు ఒక పథకమును పెట్టెను. ప్రమాదకరమైన అణుకార్యములన్నియు ఒక అంతర్జాతీయ సంస్థ ఆధీనమున ఉండవలెను. ఆ సంస్థ ఎల్ల దేశములను తనిఖీ చేయవలెను. నియమము తప్పినవానిని శిక్షించునప్పుడు ఎవరికిని వీటో ఉండరాదు. ఇదంతయు స్థిరపడిన పిమ్మట అమెరికా తన బాంబులను విడుచును. ఐదు దినముల తరువాత సోవియట్ ప్రతినిధి గ్రోమికో ఎదురు ప్రతిపాదన చేసెను: ముందు బాంబులను నాశనము చేయుడు, తనిఖీ మాట తరువాత. ఇరువురి మాటలలోను తర్కమున్నది. తనిఖీ లేనిదే విడిచిన, వెల్స్ కథలోని బాల్కను రాజు ఎచటనైన ఉండవచ్చునని ఒకరి భయము. బాంబు ఒకని చేతిలో ఉండగనే మన తలుపులు తెరచిన, ఆ గస్తీదళము ఎవరి కర్రయగునోయని మరియొకరి భయము. డిసెంబరు చివర 10 వోట్లతో పథకము నెగ్గినట్లు లెక్క తేలినను, సోవియట్ యూనియనును పోలండును తటస్థముగ నుండిపోయినవి. పని ముందుకు సాగలేదు. 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియను తన తొలి అణుబాంబును ప్రేల్చినది. రహస్యము దాగదని మానింగ్ చెప్పినమాట నిజమైనది.

రహస్యము ఇద్దరిదైన పిమ్మట ప్రశ్న మారినది. గెలుచుట ఎట్లు అనుటకు మారు, కొట్టించుకొనకుండుట ఎట్లు అని ఆలోచింపవలసి వచ్చెను. నీవు కొట్టిన నేనును కొట్టుదును, ఇద్దరము చత్తుము, కనుక కొట్టకుము. ఈ భయముపై నిలుచు శాంతికి బలసామ్యమని పేరు. దీనిలోని సందులను కూడ కథకులు వెంటనే వెదకిరి. మరీ లైన్‌స్టర్ అను పేరుతో ప్రసిద్ధుడైన విల్ జెంకిన్స్ 1946లో ఒక నవల వ్రాసెను. అందు అమెరికా నగరములు గంటలోపల నాశనమగును. భూగర్భమున దాగిన దళముల చేతిలో ఎదురుదెబ్బకు కావలసిన బాంబులన్నియు సిద్ధముగ నుండును. కాని కొట్టినవాడెవడో తెలియదు! కౌటిల్యుని మండల విధానములో శత్రువు సరిహద్దు కావల నుండును. వాడెవడో ముందే తెలియును. రాకెట్టుకు సరిహద్దు లేదు. ఎవరిని కొట్టవలెనో తెలియనప్పుడు, కొట్టుదునను బెదిరింపునకు విలువ యేమి?

మరుసటి యేడు థియొడర్ స్టర్జన్ ఇంకను కఠినమైన ప్రశ్న వేసెను. దెబ్బతిని చావునకు సిద్ధముగనున్న కొందరు సైనికుల చేతిలో ఎదురుదెబ్బ మీట మిగిలియున్నది. దానిని నొక్కిన పగ తీరును. కాని భూమిమీద జీవమే మిగులదు. నొక్కకున్న, తమను చంపినవారి సంతతి బ్రతుకును. బెదిరింపు పనిచేయవలెనన్న, నొక్కుదునని ఎదిరి నమ్మవలెను. బెదిరింపు విఫలమైన తరువాత నొక్కుటలో అర్థము లేదు. కథలోని సైనికుడు, నొక్కబోయిన తన మిత్రునే చంపి, ఆ యంత్రమును పాడుచేయును. 1949లో హైన్‌లైన్ వ్రాసిన చిన్నకథలో చంద్రుని మీది స్థావరమున ఒక యువ అధికారి, పైయధికారి కుట్రకు లోబడక, బాంబుల గుండెలను తన చేతులతో పగులగొట్టి ఆ కిరణములకు బలియగును. 1941లో తనకు దొరకని సమాధానమునకు హైన్‌లైన్ ఇచట చేసిన యత్నమిది: కావలివానిని కాయువాడు మరియొక కావలివాడు కాదు, అతని అంతరాత్మయే. ఇది చక్కని మాటయే కాని, రాజ్యములు నమ్ముకొని నిద్రింపదగిన ఏర్పాటు కాదు.

కథయే కాదు, చరిత్రయు ఈ మాటను ఒకమారు పరీక్షించినది. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరికా కేంద్రమున కాపలానున్న స్టానిస్లావ్ పెట్రోవ్ అను అధికారికి, అమెరికానుండి ఐదు క్షిపణులు వచ్చుచున్నవని ఉపగ్రహ యంత్రము తెలిపెను. నిజముగ యుద్ధము తలపెట్టినవాడు ఐదింటితో మొదలుపెట్టడని అతడు ఆలోచించి, అది యంత్రదోషమని పైవారికి తెలియజేసెను. యంత్రమే తప్పు చెప్పినది. ఎదిరి ఏమి తలచునో యను లెక్కయే ఆనాడు లోకమును కాపాడినది.

పొరపాటు, పిచ్చితనము అను ఈ రెంటిని గూర్చి వ్రాసిన నవలయే పీటర్ జార్జ్ 1958లో ప్రకటించిన 'ప్రళయమునకు రెండు గంటలు'. ఇతడు బ్రిటిషు వైమానిక దళమున పనిచేసినవాడు. కథలో ఒక అమెరికా సేనాని తనంతట తానే బాంబు విమానములను సోవియట్ భూమి మీదికి పంపును. వెనుకకు పిలుచు సంకేతము అతనికి తప్ప తెలియదు. ఇది మనకు కొత్త కథ కాదు. బ్రహ్మశిరోస్త్రమును అర్జునుడు ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు విడుచుట తెలియును, మరలించుట తెలియదు. ఉత్తర గర్భము మీదికి అది పోవుట తిక్కనగారి భారతము చదివినవారందరు ఎరిగినదే. నవలలో అధ్యక్షుడు, ఒక సోవియట్ నగరము కాలినచో బదులుగ తన దేశమున అట్లాంటిక్ సిటీని అర్పింప ఒప్పుకొనును. మరలింపలేని అస్త్రము ఒక్కటియున్న చాలును, నగరమునకు నగరమును తూచు త్రాసుగ బలసామ్యము మారును.

ఈ నవలను హార్వర్డు ఆచార్యుడు థామస్ షెల్లింగ్ 1960లో ఒక వ్యాసమున చర్చించెను. దానినుండియే స్టాన్లీ కూబ్రిక్ 1964 నాటి ప్రసిద్ధ చలనచిత్రము పుట్టినది. యుద్ధ తర్కమును శాస్త్రముగ తీర్చిన ఈ షెల్లింగునకు 2005లో అర్థశాస్త్రమున నోబెల్ స్మారక బహుమానము లభించెను. శత్రువులైన ఇరువురు నాయకులు సంక్షోభ సమయమున నేరుగ మాటలాడుకొను మార్గము ఉండవలెనని వాదించినవారిలో ఆయన యొకడు. 1962 అక్టోబరున క్యూబా సంక్షోభము వచ్చినప్పుడు ఆ మార్గము లేదు. 1963 జూన్ 20న మాస్కో, వాషింగ్టనుల నడుమ టెలిప్రింటరు సంబంధమునకు ఒప్పందము కుదిరినది. ఆగస్టు చివర అది పనిచేయసాగెను. హాట్‌లైన్ అని దీనికే వాడుక. కల్పిత కథలలో వెదకిన సందులలో ఒకటి ఈ విధముగ కొంత పూడినది.

ఇంత మెచ్చుకొనిన పిమ్మట ఈ పరంపరలోని లోపమును కూడ చెప్పుట న్యాయము. ఈ కథలన్నిటిలోను త్రాసు పట్టినవారు బలవంతులే. చెస్నీకి ఇండియా పోగొట్టుకొన్న సొత్తు మాత్రమే. ఇచటి మనుష్యులకు ఆ పోగొట్టుకొనుట ఏమైయుండునో అతడు ఆలోచింపలేదు. వెల్స్ ఆకాశయుద్ధమున ఆసియా యనగా భయపెట్టు వాయునౌకల గుంపు. హైన్‌లైన్ గస్తీదళము క్రింద బ్రతుకు జనమునకు కథలో మాటయే లేదు. ఇద్దరు బలవంతులు తూగుట యొక్కటే బలసామ్యమనుకొన్నవారికి మూడవవాని గొంతు వినబడదు. చరిత్రలో మాత్రము ఆ గొంతు వినబడినది. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రమున అమెరికా చేసిన హైడ్రోజను బాంబు పరీక్ష వలన జపాను జాలరులు ధూళి పాలైనప్పుడు, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో, ఈ పరీక్షలను ఉన్నచోటనే నిలిపివేయుడని కోరెను. బాంబు లేని దేశము చేసిన కోరిక అది. 1963లో వాతావరణమునందును, అంతరిక్షమునందును, నీటిలోను పరీక్షలను నిషేధించు ఒడంబడిక కుదిరినది. ఆ ఆగస్టులోనే భారతదేశము సంతకము చేసినది. భూగర్భ పరీక్షలు మిగిలినవి. అయినను గాలిలో విషము తగ్గినది. యుద్ధమున పాల్గొననివానికి కూడ యుద్ధపు లెక్కలో పద్దు కలదని ఏ విజ్ఞాన కల్పనా రచయితయు అంత స్పష్టముగ వ్రాయలేదు.

నేడు అణ్వాయుధములు గల రాజ్యములు తొమ్మిది. మన దేశము వానిలో నొకటి. కనుక ఈ ప్రశ్నలు దూరదేశపు కథలని మనము త్రోసివేయజాలము. ఇద్దరి నడుమ వేసిన లెక్క తొమ్మండుగురి నడుమ అట్లే కుదురునని ఎవరును చెప్పలేరు. కొత్త యంత్రములు, కొత్త క్షిపణులు వచ్చునప్పుడెల్ల కొత్త యుద్ధకథలును వచ్చుచునే యుండును. మన ఇండ్లలో పిల్లలు వానిని ఇష్టముతో చదువుచున్నారు, చూచుచున్నారు, చదువనిండు. ఆయుధము ఎంత దూరము పోవును, ఎన్ని ఊళ్లను కాల్చునని వారు చెప్పునప్పుడు వినుడు. విని, మరునాటి ప్రశ్న యొకటి అడుగుడు: కథలో గెలిచినవాడు ఆ ఆయుధమును ఏమి చేసెను? దానికి సమాధానము చెప్ప యత్నించిన కథ ఏదైనను, మరల ఒకమారు చదువదగినదే.